ముసలి బండికి కొత్త బ్యాటరీ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పోయినేడు ఆ ఎండల్లో మా ఇంట్లో రోలు బాగానే ఉంది, కారులో మాత్రం లైటు వెలిగింది. ఒంగోలు నుంచి నెల్లూరు పోతున్నాం. టంగుటూరు టోల్‌గేటు దాటి సింగరాయకొండ దగ్గరికొచ్చేసరికి మీటరు బోర్డు మీద ఎర్ర త్రికోణం, దాని కింద హైబ్రిడ్ సిస్టమ్ చూపించుకోమని ఒక ముక్క. కాసేపటికి ఏసీలోంచి వేడిగాలి. మా ఆవిడ కొంగుతో విసురుకుంటూ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నాకు భయం. వెనక సీట్లో ఉన్న మా బామ్మర్ది మాత్రం ఆగలేదు.

"అయిపోయింది బావా. ఈ హైబ్రిడ్ బళ్లింతే. పదేళ్లు నడుస్తాయి, ఆ తర్వాత ఇంటిముందు బొమ్మ పెట్టుకున్నట్టే."

అది 2014 బండి. జపాను కంపెనీది, మన దేశంలోనే తయారైన పెద్ద పెట్రోలు సెడాను, ఇంజనుకి తోడు బ్యాటరీ మీద తిరిగే మోటారు కూడా ఉండే హైబ్రిడ్ రకం. పేరు చెప్పను. పదకొండేళ్లు మోసిన బ్యాటరీ అలిసిపోతే అందులో కంపెనీ తప్పేమీ లేదు, పేరు చెప్తే చదివేవాళ్లు తప్పు దాని నెత్తినే వేస్తారు. 2019లో బెంగళూరులో ఒకాయన దగ్గర కొన్నా. ఎన్ఓసీ తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టి, ఏపీ నంబరు వేయించుకున్నా. లైటు వెలిగేనాటికి లక్షా డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగింది.

నా పని లెక్కలు రాయడం. పొగాకు వ్యాపారులవీ, రొయ్యల చెరువులోళ్లవీ పొద్దస్తమానం లెక్కలు చూస్తుంటా. అట్లాంటివాడిని నా బండి లెక్క తేల్చుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఎందుకంటే అడిగిన ప్రతివాడూ ఒకే ప్రశ్న వేశాడు: "బండి అమ్మితే ఎంతొస్తుంది, బ్యాటరీకి ఎంతవుతుంది?" నేనూ మొదట ఆ రెండు అంకెలే పక్కపక్కన రాసుకుని తల పట్టుకున్నా. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన రాయడమే తప్పని తెలిసిరావడానికి టైం పట్టింది.

ముందు ఆ బ్యాటరీ ఏందో చెప్పుకోవాలి. వెనక సీటు వెనకాల ఒక ఇనప పెట్టె. అందులో అలమరలో పుస్తకాలు సర్దినట్టు నిలబెట్టిన 34 మాడ్యూళ్లు. ఒక్కోదాంట్లో 6 సెల్లులు, ఒక్కో సెల్లుకి 1.2 వోల్టులు. మొత్తం 204 సెల్లులు, 244.8 వోల్టులు. లిథియం కాదు, నికెల్ మెటల్ హైడ్రైడ్. సామర్థ్యం 6.5 ఆంపియర్ అవర్లు. గుణించి చూసుకుంటే 1.6 యూనిట్ల కరెంటు. మన ఇళ్లల్లో ఇన్వర్టరు పక్కన పెట్టుకునే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1.8 యూనిట్లు పడతాయి. అంటే లక్షలు పోసి కొనే ఈ పెట్టెలో ఇన్వర్టరు బ్యాటరీలో పట్టినంత కరెంటు కూడా పట్టదు. ఈ మాట చెప్తే మా బామ్మర్ది పడీ పడీ నవ్వాడు.

నవ్వాల్సిందేమీ లేదు. ఇన్వర్టరు బ్యాటరీ చెరువు లాంటిది, నింపి ఉంచుకుని మెల్లగా వాడుకుంటాం. ఇది బావి దగ్గర తొట్టి. బ్రేకు తొక్కినప్పుడల్లా గబగబా పోయాలి, యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా గబగబా తోడాలి, రోజుకి కొన్ని వందల సార్లు. ఇన్వర్టరు బ్యాటరీని అట్లా వాడితే నెలల్లో కూలబడుతుంది. దీన్ని కంప్యూటరు ఎప్పుడూ అంచులదాకా నిండనివ్వదు, అడుగంటనివ్వదు, మధ్యలోనే ఆడిస్తుంది. పదకొండేళ్లు బతికిందంటే అందుకే.

మా వాడు ఇచ్చిన మొదటి సలహా ఇది: "ఆ వైరు పీకేసి ఉత్త పెట్రోలు మీద తోలుకో బావా." చాలామంది అనుకునేదీ ఇదే. కుదరదు. ఈ బండిలో మామూలు స్టార్టరు లేదు, ఆల్టర్నేటరు లేదు. ఇంజన్ని తిప్పి లేపేదే ఆ పెట్టెలో కరెంటు. ఏసీ కంప్రెసరూ దాని మీదే తిరుగుతుంది. డిక్కీలో ఉన్న చిన్న 12 వోల్టుల బ్యాటరీకి కరెంటు అందేదీ ఆ పెద్ద కరెంటులోంచే. కాబట్టి పెద్ద బ్యాటరీ పోతే మైలేజీ తగ్గి ఊరుకోదు, బండి కదలదు.

అందుకే పెట్రోలు ఆదా మీద బ్యాటరీ లెక్క కట్టేవాళ్లని చూస్తే నాకు చిరాకు. నేనూ కట్టా అనుకోండి. బ్యాటరీ బాగున్నప్పుడు హైవే మీద 16 వచ్చేది, నీరసించాక 13కి పడింది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతా. తేడా 173 లీటర్లు. లీటరు 109 వేసుకుంటే 19 వేల లోపే. మూడు లక్షల పైచిలుకు బ్యాటరీ ఆ 19 వేలతో తీరాలంటే పదహారేళ్లు దాటుతుంది. అసలు మనలాంటి ఊళ్లలో హైబ్రిడ్‌కి ఉన్న గొప్ప సగమే. మద్రాసు ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ పోతేనే దాని తెలివి కనపడుతుంది. పదహారో నంబరు హైవే మీద తొంభైలో పోతుంటే అది చాలావరకు మామూలు పెట్రోలు బండే. ఈ సంగతి నాకు కొన్న నెలలోనే అర్థమైంది, ఇంట్లో మాత్రం చెప్పలేదు.

సరే, ఆ రోజు బండి చల్లబడేదాకా చెట్టు కింద ఆపి, ఎట్లాగో నెల్లూరు చేరాం. మర్నాడు ఆటోనగర్‌లో ఒకతని దగ్గరికి తీసుకుపోయా. మద్రాసులో కొన్నేళ్లు ఇవే బళ్లు చేసొచ్చిన కుర్రాడు. నెల్లూరోళ్లకి ఒంటికి సుస్తీ చేసినా బండికి సుస్తీ చేసినా మద్రాసే కదా, ఇతను దొరకడం నా అదృష్టం. స్కానరు పెట్టగానే పి0ఏ80 అని కోడు. హైబ్రిడ్ బ్యాటరీ మార్చమని దాని అర్థం. అంతకు ముందే కంపెనీ సర్వీసుకి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే బ్యాటరీ మార్చాలన్నారు, రేటు కూడా చెప్పారు: 3 లక్షల 45 వేలు. ఈ కుర్రాడు మాత్రం కోడు చూసి ఏమీ అనలేదు. ముందు డిక్కీ తెరిచి చిన్న బ్యాటరీ వోల్టేజీ చూశాడు. "ఇది వీకైనా పిచ్చి పిచ్చి లైట్లు వేస్తది సార్, ముందు దీన్ని తేల్చుకోవాల," అన్నాడు. అది బాగానే ఉంది.

తర్వాత వెనక సీటు దగ్గర ఉండే ఒక జాలీ మీద చెయ్యి పెట్టాడు. ఆ పెట్టె చల్లగా ఉండడానికి గాలి అక్కడినుంచే పోవాలి, అదీ మనం కూర్చున్న చోటి గాలే. సగం జాలీని నేను కుట్టించిన రెగ్జిన్ సీటు కవరు మూసేసి ఉంది. నాలుగేళ్ల కిందట ఒంగోలులోనే వేయించా, బ్రహ్మాండంగా ఉందని కుట్టినతన్ని మెచ్చుకున్నా కూడా. అక్కడ ఒక జాలీ ఉందని అతనికి తెలియదు, అది దేనికో నాకు తెలియదు.

పెట్టె విప్పడానికి ముందు సర్వీసు ప్లగ్గు పీకి, పది నిమిషాలు ఊరికే కూర్చున్నాం. లోపల కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోవాలి. మోచేతులదాకా వచ్చే రబ్బరు గ్లౌజులు వేసుకున్నాడు. ఆరెంజి రంగు వైర్లని చూపించి, "వీటి జోలికి మాత్రం మీరు రావద్దు సార్, ఇంట్లో కరెంటు కాదిది," అన్నాడు. యూట్యూబు చూసి ఇంట్లోనే విప్పుదామని నాక్కూడా ఒకప్పుడు అనిపించింది కాబట్టి ఈ ముక్క ఇక్కడ రాస్తున్నా. ఆ పని చేయకండి.

ఫ్యాను బయటికి తీశాడు. దాని సన్నటి రెక్కల సందుల్లో బూడిదరంగు దుమ్ము దూదిపింజెలా పేరుకుని, అందులో మా ఆవిడ చీరల దారప్పోగులు, వెంట్రుకలు, ఒక ఎండిన మల్లెపువ్వు. పువ్వు చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పువ్వు ఏ పెళ్లికి పోయొచ్చినప్పటిదో. తర్వాత మాడ్యూళ్లని కలిపే రాగి పట్టీలు చూపించాడు. సముద్రపు గాలికి ఇత్తడి చెంబు చిలుము పట్టినట్టు రెండు మూడు చోట్ల పచ్చగా ఉన్నాయి. వాటిని గరుకు కాగితంతో రుద్ది, ఫ్యాను కడిగి, సీటు కవరుని జాలీ మేరకు కత్తిరించి, మళ్లీ బిగించాడు. సాయంత్రానికి లైటు లేదు. తీసుకున్నది నాలుగు వేలు.

అయితే లోపలి సంగతి అతను దాచలేదు. కంప్యూటరు ఆ 34 మాడ్యూళ్లనీ రెండేసి చొప్పున 17 జతలుగా చూసుకుంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు అన్ని జతలూ ఒకే మాట మీద ఉన్నాయి. నన్ను బ్రేకు మీద కాలు పెట్టి యాక్సిలరేటరు తొక్కమన్నాడు. బరువు పడగానే పదహారు జతలు కాస్త కాస్త తగ్గాయి, నడిమధ్యలో ఒక జత మాత్రం ఒక వోల్టుకి మించి కిందికి జారింది. పెట్టె మధ్యలో ఉండేవాటికి వేడెక్కువ, ముందు పోయేవి అవే. "ఒక ఎండాకాలం గడిపితే గొప్ప సార్," అన్నాడు. ఎండాకాలం కాదు, వానాకాలం, చలికాలం గడిచాయి. ఈ మార్చిలో మళ్లీ వెలిగింది.

ఇక్కడినుంచి అసలు తగువు. ఆ ఒక్క జత మార్చేస్తే పోదా? పాతిక వేలతో పోతుంది. చాలామంది చేయించుకుంటున్నదీ అదే. నేను ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే మా నాన్న ఎద్దుల దగ్గరికి పోవాలి.

మాది కొండపి వైపు పల్లె. నాన్నకి ఒక ఒంగోలు జత ఉండేది. ఒక ఏడు వలపటెద్దు కాలు పోయింది. చేతిలో డబ్బు లేదు, జతంతా మార్చలేడు, సంతకి పోయి దాని బదులు ఒక వయసు గిత్తని తోలుకొచ్చాడు. చూడ్డానికి కళ్లు చాలలేదు. కాడి కట్టాక తెలిసింది. గిత్త ముందుకి దూకుతుంది, ముసలి దాపటెద్దు రెండడుగులు వెనకబడుతుంది, కాడి వంకర. నాన్న తెలివిగా కాడి కట్టుని గిత్త వైపుకి జరిపి కట్టేవాడు, అప్పుడు బరువెక్కువ దాని మెడ మీదే పడుతుంది. అయినా ముసలిదాని మెడ మీద పుండు మానలేదు. నాలుగు నెలలకి రెంటినీ అమ్మి, ఈడూజోడూ కుదిరిన జతని అప్పు చేసి తెచ్చాడు. ముందే ఆ పని చేసుంటే గిత్త మీద పోగొట్టుకున్నది మిగిలేదని పోయేదాకా అంటుండేవాడు.

బ్యాటరీలో కనీసం ఆ కట్టు జరుపుకునే వెసులుబాటు కూడా లేదు. 34 మాడ్యూళ్లూ గొలుసులా ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ఒకదాంట్లో పారే కరెంటే అన్నింట్లోనూ పారుతుంది. బలమున్నది ఎక్కువ మోసి, నీరసంగా ఉన్నది తక్కువ మోయడమనేది ఉండదు. అందులోనూ మిగతా 32 పదకొండేళ్లుగా అదే వేడి తిన్నవే, అదే దుమ్ము పీల్చినవే. ఇవాళ ఒకటి, సంక్రాంతికి ఇంకొకటి. ప్రతిసారీ పెట్టె విప్పాలి, ప్రతిసారీ బండి దారిలో ఆగాలి. పాత బ్యాటరీల్లోంచి ఏరిన మాడ్యూళ్లతో కట్టిన పెట్టెలూ దొరుకుతాయి, సగం ధరకే. ఏరినవాడి చెయ్యి మంచిదైతే రెండు మూడేళ్లు నడవచ్చు. అయితే ఆ చెయ్యి ఎవరిదో మనకెట్లా తెలుస్తుంది? ఏడాదిలో బండి వదిలేసేవాడికి జత మార్చుకోవడం తెలివైన పనే, నేను కాదనను. నాకు ఆ ఉద్దేశం లేదు.

అమ్మేద్దామా అనీ చూశా. లైటు వెలుగుతున్న బండికి రెండు లక్షలన్నారు. లైటు లేకుంటే ఐదున్నర. ఒక బ్రోకరు నన్ను పక్కకి పిలిచి, "స్కానరుతో కోడు చెరిపేద్దాం అన్నా, నాలుగు రోజులు రాదు, ఆ నాలుగు రోజుల్లో పార్టీని నేను చూస్తా," అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, టీ తాగుదామన్నట్టే ఉంది. ఆ పార్టీ ఎవరో నాకు కళ్లముందే కనపడ్డాడు: పిల్లల్ని ఎక్కించుకుని మే నెలలో తిరుపతి బయల్దేరి, గూడూరు దాటాక ఎర్ర త్రికోణం చూసేవాడు. నేను పుణ్యాత్ముణ్ణేమీ కాదు, లెక్కల్లో చూసీచూడనట్టు పోయినవి నాకూ ఉన్నాయి. ఇది మాత్రం చేతకాలేదు. సెకండ్‌హ్యాండు హైబ్రిడ్ కొనేవాళ్లకి ఒక మాట: లైటు లేదని మురిసిపోవద్దు. స్కానరు పెట్టించి, బరువు మీద జతల వోల్టేజీలు చూపించమనండి. అడిగితే మొహం మాడ్చుకున్నాడంటే అక్కడే అర్థమైపోవాలి.

ఇక లెక్క. ఐదున్నర లక్షల బండికి మూడు లక్షల బ్యాటరీనా అని కదా అందరి గోల. బ్యాటరీని బండి విలువతో పోల్చడం దేనికి? నాకు బండి కావాలి, నెలకి నాలుగుసార్లు నెల్లూరు పోవాలి. ఇది లేకపోతే ఇంకొకటి కొనాలి. కాబట్టి పోల్చాల్సింది ఆ ఇంకొకదానితోనే. బ్యాటరీ వేయించి ఏడేళ్లు నడుపుతాననుకోండి. 3 లక్షల 18 వేలు (ఈ అంకె ఎట్లా తగ్గిందో చెప్తా), దానికి ఇప్పుడు అమ్ముకుంటే వచ్చే రెండు లక్షలు వదులుకున్నది కలపాలి, అదీ ఖర్చే. ఐదు లక్షల పద్దెనిమిది వేలు. ఏడేళ్ల తర్వాత బండికి పైసా రాదనుకున్నా ఏడాదికి 74 వేలు. ముసలి బండి కాబట్టి సస్పెన్షననీ బుష్షులనీ ఏడాదికి ఇంకో 20 వేలు అదనంగా పెట్టుకుందాం. 94 వేలు.

ఇటువైపు 12 లక్షల్లో చిన్న పెట్రోలు బండి. ఏడేళ్లకి నాలుగున్నర లక్షలొచ్చినా పోయింది ఏడున్నర లక్షలు, ఏడాదికి లక్షా ఏడు వేలు. ఇందులో వడ్డీ కలపలేదు, కొత్త బండికి ఇన్సూరెన్సు ఎక్కువన్నదీ కలపలేదు. మైలేజీ దానికీ దీనికీ దాదాపు ఒకటే. నిజం చెప్తున్నా, తేడా ఇంత తక్కువగా వస్తుందనుకోలేదు. పాత బండి గెలిచింది గానీ మూతి మీద మీసమంత తేడాతో. నేను వేసుకున్న ఏడేళ్లు నాలుగైతే లెక్క తలకిందులవుతుంది. 2029లో దీనికి పదిహేనేళ్లు నిండుతాయి, మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది. ఫిట్‌నెస్ దాటాలి. ఇవన్నీ చూసుకుని, ఏడేళ్లు ఉంచుకునే మనసుంటేనే బ్యాటరీ. లేకుంటే లోపం చెప్పి రెండు లక్షలకే అమ్మేయడం మేలు.

నాకు మనసుంది. ఇది లెక్కలో రాని ముక్క, ఏ గుమాస్తా ఒప్పుకోడు, నేనైనా వేరేవాళ్ల పుస్తకంలో చూస్తే కొట్టేస్తా. మా అమ్మకి మోకాళ్లు వంగవు, ఈ వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. 12 లక్షల చిన్న బండిలో ఆ చోటు ఉండదు.

ధర తగ్గిన సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రకం బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి వచ్చింది. అదే సామాను, పన్ను మారేసరికి 3 లక్షల 45 వేలది 3 లక్షల 18 వేలయింది. నాలుగు వేలు పెట్టి ఫ్యాను కడిగించుకుని తొమ్మిది నెలలు ఆగినందుకు 27 వేలు మిగిలాయి. ఇది నా తెలివి కాదు, ఆ మల్లెపువ్వు చలవ.

ఆర్డరు పెట్టేముందు రెండు విషయాల మీద పట్టుబట్టా. ఒకటి తయారీ తేదీ. నికెల్ బ్యాటరీ గోడౌనులో ఊరికే పడున్నా చార్జీ దిగిపోతుంది, ఎక్కువకాలం అట్లాగే వదిలేస్తే ముసలిదవుతుంది. మన దగ్గర ఇవి రోజూ అమ్ముడుపోయే సామానా, ఏ మూల ఎన్నాళ్లుగా ఉందో. పెట్టె మీది చీటీ ఫోటో పంపితేగాని డబ్బు కట్టనన్నా. కౌంటరులో అమ్మాయి ఇట్లాంటిది ఎవరూ అడగలేదంది, అయినా పంపింది. రెండోది వారంటీ. ఇప్పుడొచ్చే ఇట్లాంటి కొత్త బళ్లకి (స్ట్రాంగ్ హైబ్రిడ్లంటారు) 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లని చెప్తారు, అది కొత్త బండితో వచ్చే మాట. విడిగా కొన్న బ్యాటరీకి ఎంతో బిల్లు మీదే రాయించుకోవాలి, నోటిమాట చెల్లదు. పాత పెట్టెని వాళ్లే తీసుకున్నారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం అది తయారీదారుల బాధ్యతే, పాత సామాను కొట్టుకి వేయాల్సిన వస్తువు కాదు.

పోయిన వారం బిగించారు. ఆదివారం బండి తీసుకుని మా బామ్మర్ది ఇంటికి పోయాం. ఏసీ వేసుకుని కావలి దాకా ఒక చుట్టు తిరిగొచ్చి, తాళం నా చేతికిస్తూ అన్నాడు:

"బావా, మొన్న ఎవరికో రెండు లక్షలకి ఇచ్చేద్దామనుకున్నావు కదా. ఆ రెండేదో నేనే ఇస్తా."

బ్యాటరీ బిల్లు జేబులోనే ఉంటే తీసి చేతిలో పెట్టా. మొత్తం చూసి, మడిచి తిరిగిచ్చి, లోపలికి పోయి అన్నం పెట్టమని వాళ్లావిడని కేకేశాడు.